క్లౌడ్ సందేహాలు: ఫైల్ ట్రాన్స్‌ఫర్ యూజర్లను కోడ్‌లో రాసేటప్పుడు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోని ట్రాన్స్‌ఫర్ ఫ్యామిలీ గురించే. ఎస్3 బకెట్ (ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే చోటు) ముందు ఎస్‌ఎఫ్‌టీపీ (ఫైళ్లను భద్రంగా పంపే పద్ధతి) సర్వర్‌ను నిలబెట్టే సేవ ఇది. 2018 నవంబరులో ఒక్క ఎస్‌ఎఫ్‌టీపీతో మొదలైంది. 2020లో ఎఫ్‌టీపీఎస్, ఎఫ్‌టీపీ చేరాక ఈ పేరు వచ్చింది.

ప్రశ్న: మా సర్వర్‌లో 40 మంది పార్ట్‌నర్లకు యూజర్లున్నారు. టెర్రాఫార్మ్‌లో (క్లౌడ్ ఏర్పాట్లను కోడ్‌గా రాసే సాధనం) పేర్లన్నీ ఒక లిస్టులో పెట్టి కౌంట్‌తో తిప్పుతున్నాం. ఒప్పందం ముగిసిన మూడో పార్ట్‌నర్ పేరు తీసేసి ప్లాన్ (జరగబోయే మార్పుల ముందస్తు జాబితా) వేస్తే 38 మంది డిస్ట్రాయ్, 37 మంది యాడ్ అని చూపిస్తోంది. అప్లై కొట్టి ఆ మార్పులు అమలు చేసేయొచ్చా?
– డెవాప్స్ ఇంజినీరు, హైదరాబాద్

కొట్టొద్దు. కౌంట్ వాడితే టెర్రాఫార్మ్‌కు యూజర్ పేరుతో పని లేదు, వరుస సంఖ్యతోనే పని. మూడో పేరు పోగానే నాలుగోవాడు మూడో స్థానంలోకి, ఐదోవాడు నాలుగులోకి జరుగుతారు. యూజర్‌నేమ్ మారిందంటే పాత యూజర్‌ను తీసేసి కొత్తది సృష్టించాల్సిందే, ఉన్నదాన్ని సవరించడం ఈ సేవలో కుదరదు. అందుకే 37 రీప్లేస్‌మెంట్లు, చివరి స్థానం ఖాళీ కాబట్టి ఇంకొక డిస్ట్రాయ్. పైగా ఈ పనులు ఒకేసారి పక్కపక్కనే జరుగుతాయి. మూడో స్థానంలో కొత్త పేరుతో యూజర్‌ను సృష్టించే సమయానికి అదే పేరుతో నాలుగో స్థానంలోని యూజర్ ఇంకా సర్వర్‌పై ఉండొచ్చు. అప్పుడు యూజర్ ఇప్పటికే ఉన్నాడన్న ఎర్రర్‌తో అప్లై సగంలో ఆగుతుంది. బకెట్‌లోని ఫైళ్లకు ఏమీ కాదు గానీ, రాత్రి బ్యాచ్‌లు పంపే పార్ట్‌నర్లకు లాగిన్ పోతుంది.

కౌంట్ బదులు ఫర్-ఈచ్ పెట్టండి, అది యూజర్‌ను సంఖ్యతో కాక పేరుతో గుర్తిస్తుంది. లిస్టు స్థానంలో మ్యాప్ రాయండి: గుర్తింపు పేరుగా యూజర్‌నేమ్, దాని కింద ఫోల్డర్ పేరు, లాగిన్‌కు వాడే పబ్లిక్ కీల జాబితా. ఫోల్డర్‌కు వేరే ఫీల్డ్ ఎందుకంటారేమో. యూజర్‌నేమ్ నుంచే ఫోల్డర్ దారి కట్టేస్తే, రేపు పార్ట్‌నర్ కంపెనీ పేరు మార్చుకుని కొత్త యూజర్‌నేమ్ అడిగినప్పుడు పాత ఫైళ్లు పాత ఫోల్డర్‌లోనే ఉండిపోతాయి, కొత్త లాగిన్‌కు ఖాళీ ఫోల్డర్ కనిపిస్తుంది. ఫైళ్లు మాయమయ్యాయని ఫోన్లు రావడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మార్పును రెండు విడతలుగా చేయండి. మొదటి విడతలో ఎవరినీ తీసేయకుండా, 40 మందినీ అలాగే ఉంచి కౌంట్‌ను ఫర్-ఈచ్‌గా మార్చండి. ప్రతి యూజర్‌కూ ఒక మూవ్డ్ బ్లాక్ (పాత చిరునామాలోని యూజరే కొత్త చిరునామాకు మారాడని టెర్రాఫార్మ్‌కు చెప్పే ముక్క) రాయండి: పాత చిరునామాలో సంఖ్య, కొత్త చిరునామాలో పేరు. ఇది టెర్రాఫార్మ్ 1.1 నుంచి ఉంది. అంతకన్నా పాత వెర్షన్ అయితే స్టేట్ మూవ్ కమాండ్‌తో ఒక్కొక్కటిగా జరపాలి. ఎస్‌ఎస్‌హెచ్ కీలు (పైన చెప్పిన పబ్లిక్ కీలే) టెర్రాఫార్మ్‌లో వేరే రిసోర్స్ (విడిగా సృష్టయ్యే అంశం), వాటికీ ఇదే చేయాలి. చాలామంది ఇక్కడే మరచిపోతారు. యూజర్లు భద్రంగా ఉంటారు, కీలు మాత్రం కొట్టుకుపోతాయి. ప్లాన్‌లో యాడ్, డిస్ట్రాయ్ రెండూ సున్నా వచ్చాకే అప్లై చేయండి. మూడో పార్ట్‌నర్‌ను తీసేయడం రెండో విడత. అప్పుడు ఒక యూజర్, అతని కీ మాత్రమే డిస్ట్రాయ్‌లో కనిపించాలి.

యూజర్‌నేమ్ 3 నుంచి 100 అక్షరాల లోపు ఉండాలి. అండర్‌స్కోర్, హైఫన్, చుక్క, ఎట్ గుర్తు వాడొచ్చు గానీ హైఫన్, చుక్క, ఎట్ గుర్తులతో పేరు మొదలవకూడదు. మ్యాప్ వేరియబుల్‌కు వాలిడేషన్ రాసేస్తే తప్పు పేరు ప్లాన్‌లోనే పట్టుబడుతుంది.

ప్రశ్న: యూజర్ లాగిన్ అవుతున్నాడు, కానీ ఫోల్డర్‌లో ఏముందో చూడబోతే పర్మిషన్ లేదంటోంది. కన్సోల్‌లో అంతా సరిగానే ఉంది.
– విశాఖపట్నం

లాగిన్ అయ్యాడంటే కీ, సర్వర్ బాగానే ఉన్నట్టు. తేడా రోల్‌లోనో (యూజర్ తరఫున బకెట్‌ను తెరిచే అనుమతులు) హోమ్ డైరెక్టరీలోనో (లాగిన్ కాగానే కనిపించే ఫోల్డర్) ఉంటుంది.

మొదట రోల్‌కు తగిలించిన పాలసీలో (అనుమతుల పత్రం) లిస్ట్ బకెట్ అనుమతి దేనిమీద ఇచ్చారో చూడండి. అది బకెట్ ఏఆర్ఎన్‌మీద (ఏడబ్ల్యూఎస్‌లో దాని పూర్తి గుర్తింపు) ఉండాలి, చివర స్లాష్, నక్షత్రం గుర్తు ఉండకూడదు. గెట్, పుట్, డిలీట్ ఆబ్జెక్ట్ అనుమతులకు మాత్రం ఆ స్లాష్, నక్షత్రం కావాలి. అన్నీ ఒకే స్టేట్‌మెంట్‌లో కుక్కి నక్షత్రం ఉన్న ఏఆర్ఎన్ ఒక్కటే ఇస్తే సరిగ్గా మీరు చెప్పిన లక్షణమే కనిపిస్తుంది.

తర్వాత రోల్ ట్రస్ట్ పాలసీ. ట్రాన్స్‌ఫర్ సర్వీస్ ఆ రోల్‌ను తీసుకునే వీలుండాలి. సోర్స్ అకౌంట్ షరతు కూడా పెట్టడం మంచిది. పక్క అకౌంట్ టెంప్లేట్ కాపీ చేసినప్పుడు పాత అకౌంట్ నంబరు అందులోనే మిగిలిపోతుంటుంది, ఓసారి చూసుకోండి.

సెషన్ పాలసీ (రోల్ అనుమతులను ఇంకా కుదించే పాలసీ) కూడా ఉంటే, రోల్ ఇచ్చినవాటిలో సెషన్ పాలసీ కూడా ఒప్పుకున్నవే యూజర్‌కు దక్కుతాయి. ఆ పాలసీ ఏఆర్ఎన్‌గా కాక జేసన్ ముక్కగా యూజర్ రికార్డులోనే నిలిచిపోతుంది. ఐఏఎంలో (ఏడబ్ల్యూఎస్ అనుమతుల సేవ) అసలు పాలసీ దిద్దినంత మాత్రాన యూజర్‌కు అందదు, యూజర్‌ను అప్‌డేట్ చేయాలి. దాని హద్దు 2048 అక్షరాలు.

హోమ్ డైరెక్టరీ లాజికల్ (యూజర్‌కు కనిపించే దారి వేరు, బకెట్‌లోని అసలు దారి వేరు) అయితే ఇంకొన్ని చిక్కులున్నాయి. టార్గెట్ దారి (బకెట్‌లో అసలు చోటు) స్లాష్‌తో మొదలవ్వాలి, స్లాష్‌తో ముగియకూడదు. ఎంట్రీగా (యూజర్‌కు కనిపించే దారి) ఒట్టి స్లాష్ ఇస్తే మ్యాపింగ్ అదొక్కటే ఉండాలి, దాని పక్కన ఇంకో ఎంట్రీ కుదరదు. వేర్వేరు ఎంట్రీలు ఇచ్చినప్పుడు టార్గెట్ ఎస్3లో లేకపోతే ఆ ఎంట్రీ యూజర్‌కు అసలు కనబడదు. దానికి చివర స్లాష్ ఉన్న పేరుతో జీరో బైట్ ఆబ్జెక్ట్ ఒకటి పెట్టాలి, దాన్నీ కోడ్‌లోనే రాయండి. లాజికల్ వాడుతూ సెషన్ పాలసీలో హోమ్ బకెట్, హోమ్ ఫోల్డర్, హోమ్ డైరెక్టరీ వేరియబుల్స్ రాస్తే పనిచేయవు. యూజర్‌నేమ్ వేరియబుల్‌తో దారి కట్టుకోండి.

ఇన్ని చిక్కులున్నా బయటి పార్ట్‌నర్లకు లాజికలే ఇవ్వమంటాం. పాత్ రకంలో (అసలు దారినే చూపే రెండో రకం) బకెట్ పేరు వాళ్లకు కనిపిస్తుంది.

జాబితా వస్తోంది గానీ ఫైల్ ఎక్కడం లేదంటే అది వేరే కథ. బకెట్ కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్ ఎన్‌క్రిప్షన్ కీల సేవ) కీతో ఎన్‌క్రిప్ట్ అయిందేమో చూడండి. రోల్‌కు జనరేట్ డేటా కీ, డీక్రిప్ట్ అనుమతులు రెండూ ఉండాలి.

ప్రశ్న: క్లౌడ్‌ఫార్మేషన్ (టెర్రాఫార్మ్ లాంటి ఏడబ్ల్యూఎస్ సొంత సాధనం) టెంప్లేట్‌లో ట్రాన్స్‌ఫర్ యూజర్‌నేమ్ వేరియబుల్ రాస్తే అలాంటి రిసోర్స్ లేదని ఎర్రర్ వస్తోంది.
– గుంటూరు

డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఉన్నది తనదే అనుకుని, టెంప్లేట్‌లో విలువలు నింపే సబ్ ఫంక్షన్ దాన్ని పూరించబోతోంది. కానీ అది లాగిన్ సమయంలో ట్రాన్స్‌ఫర్ సర్వీస్ పూరించాల్సిన వేరియబుల్. తెరిచే ఫ్లవర్ బ్రాకెట్ వెంటనే ఒక ఆశ్చర్యార్థకం పెట్టండి, క్లౌడ్‌ఫార్మేషన్ దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తుంది. టెర్రాఫార్మ్‌లోనైతే డాలర్ గుర్తును రెండుసార్లు రాయాలి. ఐఏఎం పాలసీ డాక్యుమెంట్ డేటా సోర్స్ వాడితే డాలర్ బదులు అండ్ గుర్తు రాయాలి. విడి జేసన్ ఫైల్‌ను ఫైల్ ఫంక్షన్‌తో చదివితే మాత్రం ఏ మార్పూ అక్కర్లేదు, ఒక డాలరే చాలు. అక్కడ కూడా రెండు డాలర్లు పెట్టి, ఆ అక్షరాలే దారిలో దిగబడిపోయిన పాలసీలు అరుదేమీ కాదు.

ప్రశ్న: కీలను రిపాజిటరీలో పెట్టొచ్చా?
– బెంగళూరు

పబ్లిక్ కీ పెట్టొచ్చు, దాచాల్సింది కాదు. కీ జతను పార్ట్‌నరే తయారు చేసుకుని పబ్లిక్ సగం మాత్రం పంపాలి. టెర్రాఫార్మ్ టీఎల్ఎస్ ప్రైవేట్ కీ రిసోర్స్‌తో మీరే తయారుచేసి ఇస్తే ప్రైవేట్ కీ స్టేట్ ఫైల్‌లో (టెర్రాఫార్మ్ తను సృష్టించినవి రాసుకునే ఫైల్) మామూలు అక్షరాల్లో కూర్చుంటుంది. కీలు తయారుచేసే పుట్టీజెన్ ప్రోగ్రాం వాడే పార్ట్‌నర్లు ‘బిగిన్ ఎస్‌ఎస్‌హెచ్2’ అని మొదలయ్యే పలు వరుసల ఫైల్ పంపుతుంటారు. దాన్ని ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రూపంలోకి, అంటే ఒకే వరుసలోకి మార్చాలి. ఫైల్ చివరి ఖాళీ లైను ఇబ్బంది పెట్టకుండా ట్రిమ్‌స్పేస్ వాడండి.

ఒక యూజర్‌కు 10 కీల దాకా చెల్లుతాయి కాబట్టి కీ మార్చేటప్పుడు కొత్తది చేర్చి, పార్ట్‌నర్ దానితో లాగిన్ అయ్యాకే పాతది తీయండి. ఒక జాగ్రత్త: ఎవరైనా కన్సోల్‌లో చేత్తో చేర్చిన కీ టెర్రాఫార్మ్ ప్లాన్‌లో కనబడదు. నెలకోసారి డిస్క్రైబ్ యూజర్ కమాండ్‌తో ఉన్న కీలన్నీ తెచ్చి కోడ్‌తో పోల్చి చూడండి.

ప్రశ్న: మా క్లయింట్‌కు పాస్‌వర్డ్ లాగినే కావాలట. యూజర్ రిసోర్స్‌లో పాస్‌వర్డ్ ఫీల్డ్ కనబడలేదు.
– డల్లాస్

లేదు. సర్వీస్ మేనేజ్డ్ యూజర్లకు (ట్రాన్స్‌ఫర్ సేవే నిల్వ చేసుకునేవారు) కీలు మాత్రమే. పాస్‌వర్డ్ కావాలంటే సర్వర్ ఐడెంటిటీ ప్రొవైడర్‌గా (లాగిన్‌ను తనిఖీ చేసేదిగా) లాంబ్డా (మీరు రాసిన కోడ్‌ను నడిపే ఏడబ్ల్యూఎస్ సేవ) పెట్టుకోవచ్చు. అప్పుడు కోడ్‌లో యూజర్ రిసోర్సులు ఉండవు, వివరాలు సీక్రెట్స్ మేనేజర్ లాంటి చోటికి మారతాయి. లాంబ్డా తిరిగిచ్చే జవాబులో హోమ్ డైరెక్టరీ డీటెయిల్స్ జేసన్‌ను స్ట్రింగ్‌గా మార్చి ఇవ్వాలి, పబ్లిక్ కీస్ మాత్రం లిస్టుగానే ఇవ్వాలి. పాస్‌వర్డ్ ఖాళీగా వచ్చిందంటే అది కీ లాగిన్ ప్రయత్నం. ఆ సందర్భంలో కీలు పంపండి, పొరపాటున కూడా ఖాళీ పాస్‌వర్డ్‌ను సరైనదిగా లెక్కేయకండి.

ప్రశ్న: టెస్టింగ్ సర్వర్‌ను రాత్రిళ్లు స్టాప్ చేస్తే ఖర్చు తగ్గుతుందా?
– వరంగల్

తగ్గదు. స్టాప్ చేసినా ఎండ్‌పాయింట్ (యూజర్లు కనెక్ట్ అయ్యే చోటు) బిల్లు నడుస్తూనే ఉంటుంది. నార్త్ వర్జీనియా రీజియన్ ధర ప్రకారం ఒక ప్రొటోకాల్‌కు గంటకు 0.30 డాలర్లు, అంటే 30 రోజుల నెలకు 216 డాలర్లు. డిలీట్ చేస్తేనే ఆగుతుంది. యూజర్లు కోడ్‌లో ఉంటే పొద్దున మళ్లీ కట్టుకోవడం తేలికే గానీ, సర్వర్ ఐడీ మారి ఎండ్‌పాయింట్ అడ్రస్ కూడా మారుతుంది. రూట్53లో (ఏడబ్ల్యూఎస్ డొమైన్ పేర్ల సేవ) ఒక సీనేమ్ (మారుపేరు) పెట్టి దాన్ని కోడ్ నుంచే కొత్త అడ్రస్‌కు మళ్లించండి. హోస్ట్ కీ (సర్వర్ తనెవరో రుజువు చేసుకునే కీ) కూడా మీరే ఇవ్వండి, లేకపోతే టెస్టర్ల క్లయింట్లన్నీ హోస్ట్ కీ మారిందని హెచ్చరించి కనెక్షన్ తెంపేస్తాయి.