ఉద్యోగం చేస్తూ సాక్స్ అల్లడం, నూలు వడకడం, పుస్తకాలు చదవడం మూడూ కుదురుతాయా?

ఏదీ మానేయాల్సిన పని లేదండి. హైదరాబాదులో ఉద్యోగం, స్వెట్టర్ అల్లడం ఇప్పటికే వచ్చు, ఇప్పుడు సాక్స్ మీదికీ రాట్నం మీదికీ మనసు పోతోంది, కానీ రాత్రి దొరికే కాస్త తీరిక పుస్తకాలకే చాలడం లేదు, ఏది వదులుకోవాలి అని అడిగారు. నేను కెనడాలోని కాల్గరీలో అకౌంట్స్ ఉద్యోగం చేస్తున్నాను. ఈ మూడూ ఏళ్ల తరబడి నాతోనే ఉన్నాయి. అల్లికకు చేతులు కావాలి. కాలితో తొక్కే రాట్నానికి చేతులూ కాళ్లూ కావాలి. చదవడానికి కళ్లో చెవులో ఉంటే చాలు. ఏ పని ఏ దశలో ఎంత ధ్యాస అడుగుతుందో తెలిస్తే, దానికి తగ్గ పుస్తకాన్ని పక్కన పెట్టుకోవచ్చు. నేను చెప్పబోయేది ఇంతే, కాకపోతే కొంచెం వివరంగా చెప్పాలి.

ముందు సాక్స్ సంగతి. పాదం చుట్టుకొలత 9 అంగుళాలు అనుకుందాం. సాక్స్ జారకుండా కాలిని పట్టి ఉండాలంటే అసలు కొలత కన్నా పది శాతం తక్కువగా అల్లాలి, అంటే సుమారు 8 అంగుళాలు. సన్నటి సాక్స్ ఊలుతో, 2.25 మిల్లీమీటర్ల సూదుల మీద మామూలుగా అంగుళానికి 8 కుట్లు వస్తాయి. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు. ఈ 64 కుట్లను గుండ్రంగా కలిపి పైనుంచి కిందికి అల్లుకుంటూ వస్తాం. మొదట ఒకటిన్నర అంగుళాల పట్టీ, రెండు నిట్ (సూటి కుట్టు) రెండు పర్ల్ (తిరగ కుట్టు). ఇక్కడ వేళ్ల మీద ఒక కన్నేసి ఉంచాలి కాబట్టి వినడమే తప్ప చదవడం కుదరదు. పట్టీ దాటాక కాలు భాగం అంతా ఉత్త నిట్టే. గుండ్రంగా తిరుగుతూ పోతాం కనుక స్వెట్టర్‌లోలాగా వెనక్కి తిప్పి పర్ల్ చేసే వరస కూడా ఉండదు. ఒక్కో సాక్స్‌లో పది వేలకు పైగా కుట్లు పడతాయి. అందులో సగానికి పైగా ఇలా చూడకుండా వేసుకుపోయేవే. నేను నవలలు చదివేది అప్పుడే.

చూడకుండా అల్లడం మొదట్లో టెన్షన్‌గా ఉంటుంది. దానికి ఒక మార్గం ఉంది. టీవీ చూస్తూ నాలుగైదు కుట్లకొకసారి కిందికి చూడండి. తర్వాత వరసకొకసారి చూడండి. సూది మొన కుట్టు లోపలికి దిగిందా, పోగును చీల్చుకుపోయిందా అన్నది వేలికే తెలిసిపోతుంది. పోగు చీలితే చిన్న గరుకు తగులుతుంది. ఆ గరుకును గుర్తుపట్టడం వచ్చాక కళ్లను నిశ్చింతగా పేజీ మీదికి పంపించవచ్చు. పుస్తకం తెరిచి ఉంచడం మాత్రం నిజంగానే పెద్ద సమస్య. మన తెలుగు పుస్తకాలు చాలావరకు గట్టి బైండింగుతో వస్తాయి, చెయ్యి తీయగానే మూసుకుపోతాయి. ఇంట్లో అయితే వంట పుస్తకాలు నిలబెట్టే చెక్క స్టాండు, రెండు పక్కలా క్లిప్పులు. రైల్లో అయితే ఒళ్లో ఈ-రీడర్, పేజీ తిప్పడానికి ఒక్క వేలు చాలు. ఇక్కడ ఊళ్లో తిరిగే సీ-ట్రైన్ అనే రైల్లో ఆఫీసుకు వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నా చేతుల్లో ఉండేది ఎప్పుడూ కాలు భాగమో పాదం భాగమో. మడమ పని ఎప్పుడూ రైలెక్కదు.

మడమ సంగతి కాస్త తీరిగ్గా చెప్తాను, సాక్స్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది. 64 కుట్లలో సగం, అంటే 32, పక్కన ఆపేస్తాం. మిగతా 32 మీద ముందుకూ వెనక్కూ 32 వరసలు అల్లుతాం. ముందు వైపు వరసల్లో ఒక కుట్టు అల్లకుండా జార్చడం, ఒక కుట్టు అల్లడం. దాంతో బట్ట బాగా మందమై బూటు రాపిడికి తట్టుకుంటుంది. ఇప్పుడు సూది మీద చదునైన చిన్న ముక్క వేలాడుతుంటుంది. దాన్ని వంచాలి. 18 కుట్లు అల్లి, తర్వాతి రెంటినీ ఒకటిగా కలిపి, ఇంకొకటి అల్లి, అక్కడే ఆగి వెనక్కి తిరుగుతాం, ఇంకా పదకొండు కుట్లు మిగిలి ఉండగానే. తిరిగిన చోట చిన్న సందు ఏర్పడుతుంది. వెనక వైపునా అంతే, మధ్యలో కొన్ని అల్లి, రెండు కలిపి, ఒకటి వేసి, తిరగడం. తర్వాత ప్రతి వరసలోనూ ఆ సందుకు అటూ ఇటూ ఉన్న రెండు కుట్లనూ కలిపి సందు మూసేస్తూ ఒక్కో అడుగు బయటికి జరుగుతాం. పద్నాలుగు వరసల్లో 32 కాస్తా 18 అవుతాయి, చదునుగా ఉన్న ముక్క విస్తరాకు దొప్పలా లోతు తిరుగుతుంది. ఎక్కడా కత్తెర పెట్టలేదు, ఎక్కడా అతుకు వేయలేదు. ఎన్ని జతలు అల్లినా ఆ వంపు తిరిగే క్షణం చూడాలని నాకు ఆత్రంగానే ఉంటుంది. అందుకే మడమ అల్లేటప్పుడు పుస్తకం ఉండదు, ఆడియో ఉండదు, ఎవరైనా పలకరించినా జవాబు ఆలస్యంగా వస్తుంది.

మడమ పక్క అంచుల నుంచి చెరో 16 కుట్లు ఎత్తుకొని, ఆపి ఉంచిన సగంతో కలిపి, మళ్లీ 64కి తగ్గించుకుంటూ రావాలి. ఆ లెక్క ఉన్నంతసేపు వినడం, అది అయిపోయాక పాదం భాగంలో మళ్లీ చదవడం. చివర వేళ్ల కొసను సూదితో కుట్టు కనబడకుండా కలిపే పద్ధతికి మొదటి ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ సేనాని కిచెనర్ పేరుంది. ఆ యుద్ధంలో కందకాల్లో నీళ్లలో నిలబడి సైనికుల పాదాలు పాడైపోతుంటే, కెనడాలోనూ ఊరూరా ఆడవాళ్లు రెడ్‌క్రాస్ కోసం సాక్స్ అల్లి పంపించారు. తడి పాదానికి ఉన్నే ఎందుకంటే, ఉన్ని తన బరువులో దాదాపు ముప్పై శాతం దాకా తేమను పీల్చుకున్నా చేతికి తడిగా తగలదు.

మీకు పనికొచ్చే మాట ఒకటి. మన ఊళ్లో కొట్లలో ఊలు పేరుతో అమ్మేది చాలావరకు యాక్రిలిక్ అనే కృత్రిమ దారం. చిన్న పోగు తీసి జాగ్రత్తగా నిప్పు చూపించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నిప్పు తీయగానే దానంతటదే ఆరిపోతుంది, బూడిద వేలితో నలుపుకోవచ్చు. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. యాక్రిలిక్ సాక్స్‌లో కాలు చెమట పడుతుంది, నేనైతే వద్దనే అంటాను. నూరుపాళ్లు పత్తి కూడా సాక్స్‌కు అంత బాగుండదు, సాగితే తిరిగి దగ్గరకు రాదు కాబట్టి మధ్యాహ్నానికి చీలమండ దగ్గర ముడతలు పడుతుంది. 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్ కలిపిన సాక్స్ ఊలు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 100 గ్రాముల చిలపలో (నూలు కట్టలో) 400 మీటర్ల పైచిలుకు ఉంటుంది, ఒక జతకు సరిపోతుంది. ఖరీదు మాత్రం కొన్న సాక్స్‌తో పోల్చకండి. ఇక్కడ చేత్తో రంగు వేసిన చిలప ఒక్కటే చాలా ఖరీదు.

ఇక వడకడం. రాట్నం దగ్గర చేతులు ఏం చేస్తాయో ముందు చూడాలి. ఎడమ చేతిలో వదులుగా ఉన్ని, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చిటికె. కాలు తొక్కుతుంటే పురి రాట్నం వైపు నుంచి వచ్చి ఆ చిటికె దగ్గర ఆగుతుంది. కాస్త ఉన్నిని ముందుకు లాగి సన్నం చేసి, చిటికెను వెనక్కి జార్చితే, లాగిన మేరకు పురి ఎక్కి నూలవుతుంది. చిటికె వదులై పురి వెనక ఉన్న ఉన్నిలోకి దూరిందా, ఇక అది కదలదు. రెండు చేతుల మధ్య దూరం ఉన్ని వెంట్రుక పొడవు కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. తక్కువైతే ఒకే వెంట్రుకను రెండు చేతులూ చెరో వైపు లాగుతుంటాయి. కొత్తవాళ్లు ‘రావడం లేదు’ అని నా దగ్గరికి తెచ్చినప్పుడు చాలామట్టుకు కారణం ఇదే.

వడికేటప్పుడు కళ్లు ఉన్ని మీద ఉండాలి, చెవులు మాత్రం పూర్తిగా ఖాళీ. సాక్స్ నూలుకు మూడు పేటలు (మూడు ఒంటి పోగులు కలిపి పేనడం), గట్టి పురి కావాలి. రెండు పేటల కన్నా మూడు పేటల నూలు గుండ్రంగా నిలిచి, రాపిడికి ఎక్కువకాలం ఆగుతుంది. అలాంటి నూలు 400 మీటర్లు కావాలంటే ఒంటి పోగు 1200 మీటర్లకు పైగా వడకాలి. అంతసేపు వినడానికి తెలుగు కథల ఆడియోలు ఇప్పుడు యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి. మెత్తగా ఉందని మెరీనో గొర్రె ఉన్ని ఒక్కటే తీసుకోకండి, మడమ దగ్గర త్వరగా అరిగిపోతుంది. కొరిడేల్, బ్లూఫేస్డ్ లెస్టర్ రకాల గొర్రెల ఉన్ని సాక్స్‌కు నయం, నైలాన్ వద్దనుకుంటే కొంచెం మోహేర్ (అంగోరా మేక వెంట్రుక) కలపొచ్చు.

ఈ దేశంలో పాత ఉన్ని మిల్లులు ఇంకా నడుస్తున్నాయి. న్యూ బ్రన్స్‌విక్‌లోని బ్రిగ్స్ అండ్ లిటిల్ 1857 నుంచి ఉంది. కాల్గరీకి ఉత్తరాన కార్‌స్టేర్స్ దగ్గర కస్టమ్ ఊలెన్ మిల్స్‌లో నూరేళ్లు దాటిన యంత్రాల మీదే ఇప్పటికీ ఉన్ని ఏకుతారు. అక్కడి వాళ్లు తమ గొర్రెల ఉన్నిని ఎంత గౌరవంగా పట్టుకుంటారో చూసినప్పుడల్లా నాకు మన దక్కనీ గొర్రె గుర్తొస్తుంది. మాది సిద్దిపేట వైపు. కురుమల ఇళ్లలో ఆడవాళ్లు నల్ల ఉన్ని వడికితే, మగ్గం మీద గొంగడి నేసేవాళ్లు. పడుగుకు చింతగింజల గంజి పట్టించేవాళ్లు. మాంసానికి ధర పెరిగి, ఉన్ని లేని నెల్లూరు జాతి పొట్టేళ్లతో దక్కనీ మందలను కలిపేయడంతో, ఆ నల్ల ఉన్ని తగ్గిపోయింది. ఉన్నదానికీ గిట్టుబాటు ధర లేదు. సెలవులకు వచ్చినప్పుడు తెలిసిన గొల్లకురుమల ఇంట్లో కొంత ఉన్ని తీసుకొని అక్కడే అరుగు మీద కూర్చుని వడికాను. వెంట్రుక ముతక, పొట్టి, మధ్యమధ్య బిరుసు వెంట్రుకలు. ఒంటికి తగిలే సాక్స్‌కు అది పనికిరాదు. కానీ మందపాటి నూలు తీసి, వదులుగా అల్లి, వేడి సబ్బు నీళ్లలో నలిపితే బిగుసుకొని, ఇంట్లో సాక్స్ మీద తొడుక్కునే చెప్పుల్లా గట్టిగా తయారైంది. గొంగడి వానకు ఎందుకు ఆగుతుందో నాకు అప్పుడు చేత్తో తెలిసింది. మీరు హైదరాబాదులో ఉన్నారు కాబట్టి ఆ ఉన్ని మీకు నాకన్నా దగ్గర. దాన్ని కొని వడికేవాళ్లు నలుగురు పెరిగినా మంచిదే.

పత్తి మీద ఆసక్తి ఉంటే శ్రీకాకుళం జిల్లా పొందూరు ఒక్కసారైనా వెళ్లండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, రాట్నం కదురు కొస నుంచి చెయ్యి వెనక్కి చాచుకుంటూ నూరు కౌంటు (చాలా సన్నటి) నూలు తీసే ఆడవాళ్లున్నారు. పత్తి పోగు పొడవు ఒక అంగుళం అటూఇటూ, అందుకే అక్కడ చెయ్యి కదిలే తీరే వేరు. ఉన్నికి అలవాటుపడ్డ నా చేతులకు ఆ సన్నదనం ఇంకా అందలేదు.

చదవడంలో ఒక్కదానికి మాత్రం పక్కన ఏ పనీ పెట్టను. కొత్త కవిత్వం ఖాళీ చేతులతోనే చదువుతాను. పాత శతక పద్యాలు మాత్రం రాట్నానికి బాగా కుదురుతాయి. ఒక పద్యం రాసి ఎదురుగా గోడకు అంటించుకొని, అప్పుడప్పుడూ ఒక చూపు చూసి, తొక్కుతూ వల్లె వేస్తాను. పేటలు కలిపేటప్పుడు మటుకు పద్యం కూడా ఆపేస్తాను, మూడు పోగుల బిగువూ సమానంగా రావాలంటే అన్ని పోగుల మీదా ధ్యాస ఉండాలి.

మీరు మొదలుపెట్టడానికి రాట్నం కొననక్కర్లేదు. సన్నటి కర్రపుల్ల, దానికి బిగించిన చెక్క బిళ్ల, పైన చిన్న కొక్కెం, అన్నీ కలిపి 30, 40 గ్రాముల బరువున్న కదురు చాలు. వడ్రంగి చేసిపెడతాడు. సాక్స్ మాత్రం దానికోసం ఆగకుండా కొన్న ఊలుతో ఇప్పుడే మొదలుపెట్టండి. 64 కుట్లు సూది మీద వేసుకునే ముందు నాలుగంగుళాల నమూనా ముక్క గుండ్రంగా అల్లి, ఉతికి, ఆరాక కొలవండి. పాదం చుట్టుకొలత, అంగుళానికి వచ్చిన కుట్లు కింద రాస్తే మీ కాలికి ఎన్ని కుట్లు కావాలో, మడమ ఎక్కడ తిప్పాలో లెక్క వేసి చెప్తాను.