నీకు బాగా నచ్చిన చోట ఇల్లు కట్టకు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. కొండవాలు, కింద వాగు, వెనక ఎవరూ చెయ్యి వేయకూడని అడవి. చూస్తే నాకే మళ్లీ ఒక ఇల్లు కట్టించాలనిపించింది. బ్రోచరు కూడా చదివాను. అందులో ‘ప్రకృతి ఒడిలో’ అన్న మాట పదకొండు సార్లు వచ్చింది. మురుగునీరు ఎటు పోతుందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ స్థలం కొనమంటావా వద్దంటావా అని అడిగావు. జవాబు తర్వాత చెబుతాను. నలభై ఏళ్లు ఇళ్లు కట్టించాను, చివరి పదిహేనేళ్లూ దాదాపు ఇలాంటి చోట్లే. కొన్ని బాగా కుదిరాయి, కొన్ని నా చేతుల మీదుగానే చెడ్డాయి. చెడ్డవాటి నుంచి నేర్చుకున్నదే ఎక్కువ రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. ‘రక్షిత ప్రాంతం’ అనగానే నిశ్చింతగా ఉండకు, ఆ మాటకు చాలా అర్థాలున్నాయి. ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్లు రక్షిత ప్రాంతాలను ఆరు తరగతులు చేశారు. అందులో ఐదోది మనుషులూ ప్రకృతీ తరతరాలుగా కలిసి తీర్చిదిద్దుకున్న భూదృశ్యం. ఊళ్లూ పొలాలూ ఇళ్లూ దానిలో భాగమే. మొదటి రెండు తరగతుల్లో, అంటే కట్టుదిట్టమైన అభయారణ్యాలు, జాతీయ ఉద్యానాల వంటి చోట్ల, సొంతిల్లు కట్టిస్తామని ఎవడైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. నీది ఏ తరగతి, ఏ చట్టం కింద, హద్దులు ఎవరు గీశారు అన్నది తెలుసుకో. ఆ తర్వాత పరిరక్షణ ఒప్పందం అడుగు, అంటే ఆ నేల మీద ఏం కట్టకూడదో, ఏం చెడగొట్టకూడదో రాసిన కాగితం. మంచి ఒప్పందం భూమితో పాటే నడుస్తుంది. నువ్వు అమ్మినా, నీ పిల్లలకు ఇచ్చినా, కొన్నవాడిని కూడా కట్టేస్తుంది. అది ఎవరి చేతిలో ఉంది, ఏడాదికోసారైనా వచ్చి చూసేవాళ్లున్నారా, తప్పు జరిగితే ఎవరు కోర్టుకెళ్తారు? ఒప్పందం అమ్మేవాడి చేతిలోనే ఉంటే అది వాగ్దానమే తప్ప రక్షణ కాదు. కాలిఫోర్నియాలో శాంటా లూసియా ప్రిజర్వ్ అని ఒకటుంది. సుమారు ఇరవై వేల ఎకరాల్లో ఇళ్లు మూడు వందలకు మించకూడదు. అందులో పద్దెనిమిది వేల ఎకరాల వరకు సంరక్షణకే వదిలేశారు, దాన్ని చూసుకోవడానికి విడిగా ఒక సంస్థ ఉంది. అదే కొలత అనను గానీ, లెక్క అలా అంకెల్లో రాసి ఉండాలి. ‘అత్యధిక భాగం పచ్చదనం’ అంటే ఏమీ చెప్పనట్టే.

ఇక అసలు మాట. స్థలం చూడ్డానికి వెళ్లినప్పుడు నీ కాళ్లు వాటంతటవే ఒక చోట ఆగిపోయి ఉంటాయి. వాగు మలుపు కనిపించే ఆ బండ దగ్గర కదూ? నీ ఫొటోల్లో సగం అక్కడివే. ఇల్లు మాత్రం అక్కడ కట్టకు. అక్కడ ఇల్లు లేస్తే ఆ చోటు ఉండదు, ఇల్లే ఉంటుంది. పునాది తవ్విన మట్టి, పిల్లర్లు, కారు తిరగడానికి జాగా, సెప్టిక్ ట్యాంకు, వీటన్నిటి కింద నువ్వు మోజుపడ్డది పోతుంది. ఇప్పటికే కాస్త పాడైన చోటు ఏదైనా ఉందేమో వెతుకు. పాత బాట, ఎవరో చెట్లు కొట్టేసి వదిలేసిన ఖాళీ, మట్టి తవ్వుకుపోయిన గుంట. ఇల్లు అక్కడ పెట్టు. పాడైన చోటు బాగుపడుతుంది, బండ బండలా ఉంటుంది. సాయంత్రం కాసేపు నడిచి వెళ్లి కూర్చో.

ఫాలింగ్‌వాటర్ సంగతేమిటని అడుగుతావు. అమెరికాలో 1935లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరున్న వాస్తుశిల్పి గీసిన ఇల్లది. జలపాతాన్ని చూస్తూ ఇల్లుంటుందని యజమాని అనుకుంటే, రైట్ దాన్ని జలపాతం మీదే కట్టించాడు. ఇంట్లో జలపాతం చప్పుడు వినిపిస్తుంది, చూడాలంటే బయటికి నడవాలి. గొప్ప ఇల్లే, కాదనను. కానీ గాల్లోకి చాపిన ఆ కాంక్రీటు స్లాబులు ఏళ్ల తరబడి కిందికి వాలుతూ వచ్చాయి. కింద ఆసరాలు పెట్టి, 2002లో ఉక్కు తాళ్లు బిగించి నిలబెట్టాల్సి వచ్చింది. 1963 నుంచి అది ఒక సంరక్షణ సంస్థ చేతిలో ఉంది కాబట్టి ఆ ఖర్చు భరించగలిగారు. మన ఇంటి కింద ఆసరాలు పెట్టడానికి ఎవరూ రారు.

నాకు నచ్చే ఉదాహరణ సీ రాంచ్. కాలిఫోర్నియా సముద్ర తీరాన 1960ల నాటి ఇళ్ల కాలనీ అది. దాని నేలతీరును రూపొందించిన లారెన్స్ హాల్‌ప్రిన్ గీత గీసే ముందు ఆ నేలను, గాలిని బాగా చదివాడు. పాత రైతులు గాలికి అడ్డంగా నాటిన సైప్రస్ వరసలు అప్పటికే ఉన్నాయి. కొన్ని ఇళ్లను ఆ వరసల వెంబడి గుంపుగా పెట్టి మైదానాలను అందరికీ ఉమ్మడిగా వదిలారు. కప్పుల వాలు గాలి వాటాన్ని బట్టి. కంచెలు, పచ్చిక లాన్లు లేవు. రంగు వేయని చెక్క ఎండకీ ఉప్పుగాలికీ బూడిదరంగుకు తిరిగి కొండలో కలిసిపోతుంది. విలాసం అంటే ఏమిటో నాకు ఆ ఫొటోలు చూశాక అర్థమైంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక ఇంటికి పెద్ద చెట్టు ఉన్న స్థలం దొరికింది. ఒక్క కొమ్మ కూడా నరక్కుండా కట్టామని గృహప్రవేశం రోజు అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. మూడో ఏడు ఆ చెట్టు పైనుంచి ఎండుతూ వచ్చింది. కారణం నేనే. కంకర, ఇసుక దాని నీడలోనే పోయించాను, లారీలు అక్కడే తిప్పించాను. చెట్టు వేళ్లు లోతుకు పోతాయనుకుంటాం గానీ చాలా మటుకు పైనున్న రెండడుగుల మట్టిలోనే, కొమ్మల అంచు కంటే దూరం పాకుతాయి. లారీ చక్రం కింద ఆ మట్టి బిగిసిపోతే వేరుకు గాలీ నీరూ అందదు. చెట్టు వెంటనే చావదు. అందుకే తప్పు ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. బ్రిటిష్ ప్రమాణంలో ఒక లెక్క ఉంది: రొమ్మెత్తున మాను అడ్డుకొలత ఎంతో, దానికి పన్నెండు రెట్ల దూరం చుట్టూ వదలాలి. అరమీటరు మానుకు ఆరు మీటర్లు. ముగ్గు పోయడానికంటే ముందే ఆ వలయానికి గట్టి కంచె కట్టించు. రిబ్బన్లు కాదు, జేసీబీ డ్రైవరుకు రిబ్బను లెక్కలోకి రాదు. సిమెంటు కలిపే చోటు, పారలు కడిగే చోటు వాగుకు దూరంగా ముందే చూపించు. సిమెంటు నీళ్ల ఘాటు చేపలను చంపేస్తుంది. ఇవన్నీ మేస్త్రీతో చేసుకునే ఒప్పందంలో రాయించు. నోటిమాటకు నాలుగు రోజులే ఆయుష్షు.

ఇల్లెంత ఉండాలో నువ్వే తేల్చుకో. నా సలహా అడిగితే, గీసిన దాంట్లో సగం. ప్రపంచంలో మనుషులు వదిలే బొగ్గుపులుసు వాయువులో సుమారు ఎనిమిది శాతం సిమెంటు తయారీదే. పది పడకగదుల భవనం కట్టి పైన సోలార్ పలకలు పెడితే అది పర్యావరణ హితం అయిపోదు. ఆ పలకలకు ఎండ కావాలని చెట్లు కొట్టించినవాళ్లను కూడా చూశాను, ఏమనాలో తెలియలేదు. నీ డబ్బు మందమైన గోడలకు, లోతైన వసారాకు, మంచి కిటికీలకు, గాలి చొరని అతుకులకు పెట్టు. జర్మనీలో డార్మ్‌స్టాట్‌లో 1991లో కట్టిన మొదటి పాసివ్ హౌస్, అంటే చాలా తక్కువ ఇంధనంతో వెచ్చగా ఉండే ఇల్లు, ఈ దారిలోదే. అలాంటి ఇల్లు చలికాలమంతా కలిపి చదరపు మీటరుకు 15 యూనిట్లకు మించి వేడికి ఖర్చు చేయకూడదని వాళ్ల నియమం. వేడి చోట ఇదే తెలివి నీడ రూపంలో పనిచేస్తుంది. ఈతకొలను వద్దు. రాత్రి నీళ్లకొచ్చిన చిన్న జంతువులు పడి, ఎక్కలేక చచ్చిపోతాయి. తెల్లారి వాటిని తీయాల్సింది నువ్వే.

అద్దాలు నీకు ఇష్టమని తెలుసు. గోడంత అద్దంలో ఆకాశం కనిపిస్తే పిట్ట దాన్ని ఆకాశమే అనుకుంటుంది. బయటివైపు ఐదేసి సెంటీమీటర్ల ఎడంలో చుక్కలో గీతలో ఉన్న అద్దం దొరుకుతుంది, అది వేయించు. వారం తిరిగేసరికి నీ కళ్లకు ఆ చుక్కలు ఆనవు. దీపాలన్నీ కిందికి చూసేవే ఉండాలి, పైన మూత, పసుపు వెలుగు, 2700 కెల్విన్ లోపు. చెట్ల మీదికి కాంతి కొట్టడం పెళ్లిపందిరికి బాగుంటుంది, పురుగులకూ గబ్బిలాలకూ కాదు.

అగ్ని విషయం తేలిగ్గా తీసుకోకు. అడవి అంటుకుంటే ఇళ్లు కాలేది ఎక్కువగా మంట తాకి కాదు, గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్ల. అవి గాలి రంధ్రాల్లోంచి అటకలో పడతాయి, చూరు గొట్టాల్లో ఎండుటాకుల మీద పడతాయి. రంధ్రాలకు మూడు మిల్లీమీటర్ల లోహపు జల్లెడ కొట్టించు. గోడ చుట్టూ ఒకటిన్నర మీటరు మేర గులకరాళ్లు తప్ప కాలేది ఏదీ ఉండకూడదు, తీగలు కూడా. నీకది బోసిగా కనిపిస్తుంది. కనిపించనీ.

నీళ్ల లెక్క సులువు. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. రెండు వందల చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి ఎనిమిది వందల మిల్లీమీటర్లు అనుకో, ఐదో వంతు పోయినా లక్షా ఇరవై ఎనిమిది వేల లీటర్లు. బోరు వేసి వాగును ఎండగట్టే ముందు ఈ లెక్క వేసుకో.

దారి గురించి చెప్పడం మరిచాను. ఇంటికంటే దారే ఎక్కువ చెడుపు చేస్తుంది. అడవిని రెండుగా కోస్తుంది, వాన నీటికి కాలువవుతుంది, చక్రాలతో పాటు కలుపు విత్తనాలు మోసుకొస్తుంది. వీలైతే కారు స్థలం మొదట్లోనే ఆపి మిగతాది నడువు. సామాను మోయడం కష్టమే, నాకూ తెలుసు.

నువ్వు చేయాల్సింది ఇది. డబ్బు కట్టే ముందు గట్టి వాన కురిసే రోజు చూసి అక్కడికి వెళ్లు. నీరు ఎటు పరుగెడుతోంది, ఎక్కడ నిలుస్తోంది, కాగితం మీద గీసుకో. ఒక రాత్రి దీపం లేకుండా కూర్చో. ఏ జంతువు ఏ దారిన వాగుకు వస్తుందో తెల్లారి అడుగులు చూస్తే తెలుస్తుంది, ఆ దారికి ఇల్లు అడ్డం రాకూడదు. ఒప్పందం నకలు, నువ్వు గీసిన ఆ కాగితం రెండూ నాకు పంపు. కొనాలో వద్దో అప్పుడు చెబుతాను. కొనమంటే ముగ్గు పోసే రోజున నేనే వస్తాను, రసమట్టం, తూకంగుండు తెస్తాను. ఆ బండ దాకా నడవగలనో లేదో, చేతికర్ర ఒకటి చూసి ఉంచు.

ఇట్లు,
మీ మావయ్య