కూరగాయలు రోస్ట్ చేసుకోండి, మాడనివ్వకండి

ప్రశ్న: నా వయసు 46. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. వేపుళ్లు తగ్గించమన్నారు. అందుకని కూరగాయలు ఓవెన్‌లో రోస్ట్ చేసుకుని భోజనంలోకి తిందామనుకుంటున్నాను. నూనె అసలు వేయకూడదా? అంచులు మాడితే క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా? బంగాళాదుంప వేసుకోవచ్చా?

జవాబు: హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 లోపు ఉంటే ప్రీడయాబెటిస్ అంటాం. తిండి, నడక, బరువు మీద శ్రద్ధ పెడితే షుగర్‌ను చాలావరకు ఆపుకోగలిగే దశ ఇది. మీ ఆలోచన మంచిదే.

నూనె పూర్తిగా మానేయక్కర్లేదు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్-ఎగా మారే పదార్థం) ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తోడుండాలి. కాకపోతే సీసాతో పోయకుండా చెంచాతో కొలవండి. ఒక టేబుల్ స్పూన్ నూనెలోనే దాదాపు 120 కేలరీలుంటాయి. అరకిలో ముక్కలకు అది చాలు. ముక్కల తడి తుడిచి, నూనె, కొద్దిగా ఉప్పు, మిరియాల పొడి పట్టించి ట్రేలో విడివిడిగా పరచండి. ఇరుకుగా వేస్తే వాటి ఆవిరికే ఉడికి మెత్తబడిపోతాయి. రుచి రాలేదని మీరు మళ్లీ నూనె పోస్తారు! 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25 నుంచి 30 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పితే సరి. క్యారెట్ లాంటి గట్టివాటిని చిన్నగా, క్యాప్సికమ్‌ను కాస్త పెద్దగా తరిగితే అన్నీ ఒకేసారి వేగుతాయి.

ఇక క్యాన్సర్ భయం. దీనికి కారణంగా చెప్పే పదార్థం అక్రిలమైడ్. పిండిపదార్థం ఎక్కువున్న వాటిని 120 డిగ్రీలకు మించి వేడి చేసినప్పుడు, వాటిలోని చక్కెరలు ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి ఇది తయారవుతుంది. ఆహారంలో ఇది ఉందని 2002లో స్వీడన్‌లో బయటపడింది. జంతువుల్లో క్యాన్సర్ కలిగించింది. మనుషుల్లో తిండి ద్వారా వస్తుందని మాత్రం గట్టిగా రుజువు కాలేదు. కాబట్టి ఒక అంచు నల్లబడిందని టెన్షన్ పడకండి. రోజూ మాడ్చుకు తినడం మాత్రం వద్దు. ముక్కలు బంగారు రంగుకు రాగానే దించేయండి, బాగా నల్లబడినవి తీసి పారేయండి.

ఈ విషయంలో అసలు జాగ్రత్త కావాల్సింది బంగాళాదుంపతోనే. తరిగిన ముక్కల్ని అరగంట నీళ్లలో నానబెట్టి, తుడిచి వేస్తే అక్రిలమైడ్ తగ్గుతుంది. వేసుకోవచ్చు, కానీ మీ లెక్కలో అది కూరగాయ కాదు, పిండిపదార్థం. అది తిన్న పూట అన్నమో రొట్టో ఆ మేరకు తగ్గించాలి. కాలీఫ్లవర్, బీన్స్, క్యాప్సికమ్‌కు ఆ లెక్క లేదు, సగం పళ్లెం నింపుకోండి.

మీరు రాయలేదు గానీ, కిడ్నీ సమస్య ఉండి పొటాషియం తగ్గించమని ఎవరైనా చెప్పి ఉంటే రోస్ట్ చేసే పద్ధతి మీకు సరిపడకపోవచ్చు. ఉడికించి నీళ్లు వంపేస్తే పొటాషియం కొంత పోతుంది, రోస్ట్ చేస్తే అంతా ముక్కల్లోనే ఉండిపోతుంది. అలాంటప్పుడు ముందు మీ డాక్టర్‌ను అడగండి.