పర్చేజ్ ఆర్డర్ ఎక్కడుంది తమ్ముడూ?

తమ్ముడూ,

కంపెనీ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం డ్రాఫ్ట్ చదివా. భాష బావుంది, ఎక్కడా తట్టుకోకుండా హాయిగా సాగిపోయింది. కానీ మొత్తం చదివాక కూడా ఆ కంపెనీ అసలు ఏం అమ్ముతుందో నాకు తెలీలేదు. ఎన్ని మొక్కలు నాటారో తెలిసింది, ఎన్ని స్కూళ్లకి కంప్యూటర్లు ఇచ్చారో తెలిసింది, చైర్మన్ గారి మనసు ఎంత పెద్దదో కూడా తెలిసింది. సరుకేంటి, దాన్ని ఎవరి దగ్గర కొంటారు, ఎవరు తయారు చేస్తారు, చేశాక మిగిలిన చెత్త ఎటు పోతుంది, ఇవేవీ లేవు. సీఎస్ఆర్‌ని, అంటే కంపెనీ సామాజిక బాధ్యతని, బిజినెస్ స్ట్రాటజీలో కలుపుకున్న కంపెనీ అని హెడ్డింగ్ పెట్టి బిజినెస్ ఊసే లేకుండా ముగించేశావు.

ఇలాంటి వాటిలో నేను చూసేది ఒకటే. డబ్బు సంపాదించాక అందులో కొంత తీసి ఏం చేశారన్నది ఒక కథ, అసలు ఆ డబ్బు ఎలా సంపాదిస్తున్నారన్నది ఇంకో కథ. మొదటిది దానం, మంచిదే, నేనేం తక్కువ చేసి మాట్లాడట్లా. స్ట్రాటజీ అనే మాట వాడాలంటే మాత్రం రెండోదాంట్లో ఏదో మారి ఉండాలి, ఆ మార్పు వల్ల లోపల ఎవరికో ఒకరికి ఇబ్బంది కలిగి ఉండాలి, మీటింగ్‌లో ఎవరో ఒకరు మొహం మాడ్చుకుని ఉండాలి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయిందంటే అది బడ్జెట్‌లో ఒక లైను, అంతే.

ఇండియా చట్టం చూడు, ఈ తేడా అందులోనే ఉంది. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) 500 కోట్లు గానీ టర్నోవర్ (ఏడాది అమ్మకాలు) 1,000 కోట్లు గానీ నికర లాభం 5 కోట్లు గానీ, ఆపైన ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సీఎస్ఆర్‌కి ఖర్చు పెట్టాలి. ఇంతవరకు అందరూ రాస్తారు. దాని కింద ఉన్న రూల్స్ ఏమంటాయంటే, కంపెనీ మామూలుగా చేసే వ్యాపారంలో భాగమైన పని ఈ లెక్కలోకి రాదు, సొంత ఉద్యోగులకి మాత్రమే పనికొచ్చేదీ రాదు. అంటే సప్లయర్‌కి న్యాయమైన రేటు ఇచ్చి టైముకి డబ్బు కట్టినా, సొంత కార్మికుల షెడ్డులో గాలాడేలా చేసినా ఆ 2 శాతంలో చూపించుకోలేరు. చట్టం తప్పని కాదు, వ్యాపార ఖర్చునే సేవ అని రాసేసుకోకుండా పెట్టిన రూల్ అది. కాకపోతే నీలాంటి వాడు యాన్యువల్ రిపోర్ట్‌లో సీఎస్ఆర్ పేజీ ఒక్కటీ చదివి స్ట్రాటజీ గురించి రాయబోతే దొరకదు, ఆ పేజీలో అది ఉండదు కాబట్టి.

మరెక్కడుంటుంది అంటే, ముందు పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో వెతుకు. బట్టల బ్రాండ్లే తీసుకో. సప్లయర్ చేత ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు, బలవంతంగా ఓవర్‌టైం చేయించొద్దు, పిల్లల్ని పనిలో పెట్టొద్దు, సేఫ్టీ పాటించు అని. అదే బ్రాండ్‌లో ఇంకో టేబుల్ దగ్గర కూర్చున్న బయ్యర్ డిజైన్‌ని ఆఖరి నిమిషంలో మారుస్తాడు, షిప్‌మెంట్ డేట్ మాత్రం జరపడు, పైగా పోయినేడు ఇచ్చిన రేటుకన్నా ఇంకాస్త తగ్గించమంటాడు. ఆ కాగితమూ ఈ ఆర్డరూ రెండూ ఒకే ఫ్యాక్టరీకి వెళ్తాయి, ఫ్యాక్టరీ ఓనర్ దేన్ని పాటిస్తాడో నేను చెప్పక్కర్లేదు, డబ్బులు ఏ కాగితం మీద వస్తాయో దాన్నే.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా అనే బిల్డింగ్ కూలి 1,134 మంది పోయారు. ముందురోజే పగుళ్లు కనిపించాయి, కింది ఫ్లోర్లలో ఉన్న బ్యాంకూ షాపులూ మూసేశారు, పైన బట్టలు కుట్టేవాళ్లని మాత్రం తెల్లారి మళ్లీ లోపలికి పంపారు. అందులో కొన్ని ఫ్యాక్టరీలకి అంతకుముందే సోషల్ ఆడిట్లు, అంటే కార్మికుల పని పరిస్థితుల తనిఖీలు, అయ్యాయి, బిల్డింగ్ నిలబడుతుందా లేదా అన్నది ఆ ఆడిట్లు చూసేదే కాదు. ఆ తర్వాత ఫ్యాక్టరీల సేఫ్టీ కోసం కార్మిక సంఘాలతో బ్రాండ్లు చేసుకున్న అకార్డ్ అనే ఒప్పందం ఉంది, 200కి పైగా బ్రాండ్లు సంతకం పెట్టాయి, దాన్ని తెచ్చుకుని చదువు, బోర్ కొట్టినా చదువు. ఇన్‌స్పెక్షన్ల సంగతి సరే, రిపేర్లు చేయించుకునే స్తోమత ఫ్యాక్టరీకి ఉండేలా కొనుగోలు షరతులు మాట్లాడుకోవాలని, మొదటి రెండేళ్లు ఆర్డర్లు దాదాపు పాత స్థాయిలోనే కొనసాగించాలని అందులో రాసుకున్నారు. మాట తప్పారని సంఘాలు హేగ్‌లో ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తుల ముందు విచారణకి) లాగితే ఒక బ్రాండ్ 2018లో 23 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. చూశావా, సేఫ్టీ అనేది పోస్టర్ మీద నుంచి దిగి రేటూ ఆర్డరూ ఉన్న చోటికి వచ్చి కూర్చుంది. నీ వ్యాసంలో నాకు అలాంటిది ఒక్కటి కావాలి, ఒక్కటి చాలు.

రేటింగులు, అవార్డులు లిస్టు పెట్టావు, వాటిని తీసేయ్. 2015 సెప్టెంబర్‌లో పర్యావరణం, సామాజిక బాధ్యత చూసి కంపెనీలకి మార్కులేసే డౌ జోన్స్ సస్టెయినబిలిటీ ఇండెక్స్ వాళ్లు కార్ల కంపెనీలన్నిట్లో ఫోక్స్‌వ్యాగన్‌ని లీడర్ అన్నారు, అదే నెలలో ఆ కంపెనీ డీజిల్ కార్లలో పొగ టెస్టుని మోసం చేసే సాఫ్ట్‌వేర్ పెట్టిందని బయటపడింది, దాదాపు 1.1 కోట్ల కార్లు. తర్వాత ఆ లిస్టులోంచి తీసేశారనుకో. కంపెనీ నింపిన ఫారాలు చూసి ఇచ్చిన మార్కులకి అంతకన్నా విలువ ఉండదు.

కంపెనీ బాధ్యత లాభం పెంచుకోవడమే అన్న ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ని విలన్‌ని చేశావు, పాపం. 1970లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో ఆయన రాసింది తిట్టేవాళ్లలో సగంమంది చదివుండరు (పొగిడేవాళ్లూ అంతేలే). ఒక చిన్న ఊళ్లో పెద్ద కంపెనీ ఆ ఊరి సౌకర్యాలకి ఖర్చు పెడితే మంచి ఉద్యోగులు దొరుకుతారు, అది లాభానికే మంచిది అని ఆయనే ఒప్పుకున్నాడు, దాన్ని సామాజిక బాధ్యత అని డప్పు కొట్టుకోవడమే ఆయనకి నచ్చలేదు. ఆయన్తో నాకు చాలా విషయాల్లో పడదు గానీ ఈ ఒక్క చిరాకు మాత్రం నాకూ ఉంది. 2011లో పోర్టర్, క్రేమర్ అనే ఇద్దరు షేర్డ్ వాల్యూ (కంపెనీకీ సమాజానికీ ఒకేసారి లాభం) అంటూ రాసింది కూడా చదువు, కాకపోతే అందులో ఎప్పుడూ అందరూ గెలుస్తూనే ఉంటారు, నిజంగా అలా ఉండదు.

ఎలా ఉంటుందో ఫ్రాన్స్‌లోని పాల ఉత్పత్తుల కంపెనీ డానోన్ చూడు. 2020 జూన్‌లో కంపెనీ రాజ్యాంగంలోనే సామాజిక లక్ష్యాలు రాసుకుంటామంటే షేర్‌హోల్డర్లు 99 శాతానికి పైగా ఓట్లేసి సరే అన్నారు. ఏడాది తిరక్కుండానే, 2021 మార్చిలో, షేరు వెనకబడిందని కొందరు ఇన్వెస్టర్లు గట్టిగా పట్టుబడితే బోర్డు ఆ సీఈఓ ఇమ్మాన్యుయేల్ ఫాబెర్‌ని సాగనంపింది. రాసుకున్న లక్ష్యాలు మాత్రం ఉన్నాయి. ఇది గెలుపా ఓటమా అని నన్నడిగితే నేనూ తేల్చలేను, తేల్చకుండా వదిలేసినా మంచి కథే. ఇటువైపు ఇంటర్‌ఫేస్ అని కార్పెట్ టైల్స్ కంపెనీ, 1994లో దాన్ని స్థాపించిన రే ఆండర్సన్ పర్యావరణానికి హాని లేకుండా చేద్దాం అని మొదలెట్టాడు, చేసేదేమో పెట్రోలియంతో తయారయ్యే నైలాన్ సరుకు. అంటే దానం ఇచ్చి తప్పుకునే దారి లేదు, ముడిసరుకే మార్చాలి. చెత్త తగ్గించుకుంటూ పోతే ఖర్చు మిగిలింది, తర్వాత్తర్వాత ఫిలిప్పీన్స్‌లో పారేసిన చేపల వలల్ని కొని దారం చేయించే దాకా వెళ్లారు. ఆ వలలు ఏరిచ్చేవాళ్లకి అది ఆదాయం, వీళ్లకి ముడిసరుకు, మధ్యలో ప్రత్యేకంగా ఎవరూ ఎవర్నీ ఉద్ధరించట్లేదు.

అంకెల గురించి ఒక మాట. లక్ష మొక్కలు అని రాశావు, మూడేళ్ల తర్వాత ఎన్ని బతికున్నాయి, నీళ్లెవరు పోస్తున్నారు? పదివేల మందికి ట్రైనింగ్ అన్నావు, ఎంతమందికి పని దొరికింది? ఇంకోటి, ఎండీ గారి బోనస్ దేని మీద ఆధారపడి ఉందో అడుగు. ప్రమాదాలు, కాలుష్యం, సప్లయర్లకి బాకీలు, ఇవి అందులో ఉంటే ఎంత శాతం ఉన్నాయో రాయి. మొత్తం బోనస్ అమ్మకాల మీదే ఉండి, బాధ్యత అంతా ఉపన్యాసంలో ఉంటే అది కూడా రాయి, నువ్వు వ్యాఖ్యానించక్కర్లేదు, పక్కపక్కన పెట్టు చాలు.

వెటకారం మాత్రం వద్దు. కొత్తలో అందరికీ చేతులు దురద పెడతాయి, ప్రతి కంపెనీనీ దొంగే అనేయాలనిపిస్తుంది, అది ప్రెస్ నోట్ కాపీ కొట్టినంత తేలికైన పని. లోపల నిజంగా కొట్లాడి ఏదో మార్చినవాళ్లు ఉంటారు, వాళ్ల పేరు ప్రెస్ నోట్‌లో ఉండదు.

కాబట్టి మళ్లీ వెళ్లు. ఈసారి సీఎస్ఆర్ హెడ్‌ని వదిలేసి పర్చేజ్ హెడ్‌తో మాట్లాడటానికి ఒక గంట టైం అడుగు. కిందటేడు ఖరీదు ఎక్కువైనా సరే అని ఒప్పుకుని కొన్నది ఏదైనా ఉందా, చవగ్గా వస్తున్నా వద్దన్న సప్లయర్ ఎవరైనా ఉన్నాడా, ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఎవరు అడ్డం పడ్డారు అని అడుగు. సప్లయర్లతో కూడా మాట్లాడు, బిల్లు పెట్టిన ఎన్ని రోజులకి డబ్బు చేతికొస్తుందో కనుక్కో. పీఆర్ వాళ్లు పర్చేజ్ హెడ్‌ని కలవనివ్వకపోతే గొడవ పడకు, అడిగాం, ఇవ్వలేదు అని వ్యాసంలో ఒక వాక్యం పెట్టి మిగతాది పంపు, నేను చూస్తా.

— మీ అక్క