అధ్యక్ష పదవి గొడవలోకి దిగే ముందు మినిట్స్ బుక్ ఎక్కడుందో చూడు

అబ్బాయీ,

నీ ఫోన్ వచ్చాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మీ పార్టీ శాఖ పాత అధ్యక్షుడేమో కుర్చీ వదలనంటున్నాడు, కుర్రాళ్లేమో నిన్ను ముందుకు తోస్తున్నారు. ఒకే రోజు రెండు చోట్ల మీటింగులు పెట్టి, రెండు వర్గాలూ అసలు పార్టీ మాదేనని ఫ్లెక్సీలు కట్టాయన్నావు. చివర్లో నువ్వడిగింది ఒకటే: "బాబాయ్, మన వెనక ఎంతమంది ఉన్నారో చూపిస్తే చాలదా?" చాలదు. ఎందుకు చాలదో ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

నేను శాఖ కార్యదర్శిగా ఉన్న రోజుల్లో మాకూ ఇలాగే రెండు వర్గాలు. ఒకసారి సమావేశం ముగిసేసరికి రాత్రి పదకొండు దాటింది. సమావేశాల నిర్ణయాలు రాసే మినిట్స్ బుక్‌లో తీర్మానం మూడు లైన్లలో రాశారు. దాని కింద అరపేజీ ఖాళీ, అడుగున సంతకాలు. అందరికీ ఇంటికి పోవాలనే తొందర. నేనూ పెట్టేశాను. పది రోజుల తర్వాత పుస్తకం తెరిస్తే ఆ ఖాళీలో ఇంకో తీర్మానం కనిపించింది, మా వర్గంలో నలుగురిని సస్పెండ్ చేస్తున్నట్టు. సిరా రంగు కూడా వేరు. కింద నా సంతకం మాత్రం చక్కగా ఉంది. ఎవరి దగ్గరికి పోయినా ఒకటే ప్రశ్న: "సంతకం నీదా, కాదా?" నాదే మరి, ఏం చెప్పను?

కాబట్టి ముందుగా చెయ్యాల్సింది బలప్రదర్శన కాదు. మినిట్స్ బుక్, సభ్యత్వ రసీదు పుస్తకాలు, పార్టీ నియమావళి, ఈ మూడూ ఎవరి దగ్గరున్నాయో కనుక్కో. నియమావళిని మన పార్టీలో సగం మంది కంటితో కూడా చూసి ఉండరు. నువ్వు మాత్రం కూర్చుని చదువు. సమావేశం పిలిచే అధికారం ఎవరికుంది, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కోరం, అంటే సమావేశం చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు, ఎంత, బకాయి ఉన్న సభ్యుడికి ఓటు ఉందా లేదా, ఇవి చూడు. మీవాళ్లు మొన్న పెట్టిన మీటింగుకి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి నోటీసు అన్నారట. నియమావళి దాన్ని ఒప్పుకోకపోతే మీరు చేసిన ఎన్నిక చిత్తుకాగితం. మళ్లీ పెట్టండి. ఈసారి నోటీసు అవతలి వర్గానికీ పంపండి, అందినట్టు రుజువు దాచుకోండి.

మీ శాఖ తగాదా ఎన్నికల సంఘం దాకా పోదు, పైకమిటీయే తేలుస్తుంది. కానీ పెద్ద పార్టీలు చీలినప్పుడు ఏం జరిగిందో తెలిస్తే నీకు లెక్క అర్థమవుతుంది. గుర్తింపు పొందిన పార్టీలో రెండు వర్గాలు కొట్టుకుంటే అసలు పార్టీ ఏదో తేల్చే అధికారం 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు, 15వ పేరా, కమిషన్‌కి ఇచ్చింది. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు నిజలింగప్ప వర్గమూ ఇందిర వైపున్న జగ్జీవన్ రామ్ వర్గమూ కాడెద్దుల గుర్తు కోసం అక్కడికే పోయాయి. చట్టసభల్లోనూ పార్టీ కమిటీల్లోనూ మెజారిటీ ఎవరిదో చూసి 1971లో జగ్జీవన్ రామ్ వర్గాన్నే కాంగ్రెస్ అన్నారు, సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఇది చదివి "చూశావా, తలకాయల లెక్కే కదా" అంటావు. ఆగు. శివసేనలో ఉద్ధవ్ ఠాక్రే వర్గానికీ షిండే వర్గానికీ వచ్చిన గొడవలో 2023 ఫిబ్రవరిలో ఏమైంది? 2018లో సవరించిన పార్టీ నియమావళి తన రికార్డుల్లో లేదని కమిషన్ అంది. పార్టీ కమిటీల బలం లెక్క తేలక, చట్టసభల్లో బలం చూసి పేరూ విల్లంబుల గుర్తూ షిండే వర్గానికిచ్చింది. ఆ నిర్ణయం సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు, ఆ జోలికి నేను పోను. కాగితం సమయానికి పంపకపోతే మనిషికి వాదించే చోటు ఎంత తగ్గిపోతుందో చూడు, అంతే.

ఇక తలకాయల సంగతి. 1984 ఆగస్టులో రామారావు గారిని దించినప్పుడు ఆయన తన వైపు ఎమ్మెల్యేలను క్యాంపుల్లో పెట్టి, ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టి లెక్క చూపించారు. నెల తిరిగేసరికి ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. పదకొండేళ్లకు, 1995 ఆగస్టులో, అదే పార్టీలో అదే తలకాయల లెక్క ఆయనకే ఎదురు తిరిగింది. నీ భుజం మీద చెయ్యి వేసినవాడు పక్క వీధిలో అవతలాయన భుజం మీద కూడా వేస్తాడు. పేర్లు రాసుకుని, సంతకం పెట్టినవాళ్లని ఒక వరస, నోటిమాటగా సరే అన్నవాళ్లని ఇంకో వరస పెట్టుకో. రెండో వరసలో సగం కొట్టెయ్. మిగిలిన లెక్క చూసి భయమేస్తే ఆ భయం మంచిదే.

నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని షోకాజ్ నోటీసు వస్తే గడువులోపు, మర్యాదగా, రాతపూర్వకంగా జవాబియ్యి. చింపి వాట్సాప్‌లో వీడియో పెట్టే వీరులు మీ గుంపులో ఇద్దరున్నారని విన్నాను. వాళ్లని దూరం పెట్టు.

ప్రెస్ మీట్ వద్దు. ఎంజీఆర్ పోయాక అన్నాడీఎంకే రెండు ముక్కలై, రెండాకుల గుర్తు స్తంభించి, 1989 ఎన్నికల్లో జయలలిత వర్గం కోడిపుంజుతో, ఎంజీఆర్ భార్య జానకి వర్గం పావురాలతో పోటీ చేశాయి. పదమూడేళ్లు అధికారానికి దూరంగా ఉన్న డీఎంకే గెలిచింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చడమంటే అదే. తర్వాత రెండు వర్గాలూ ఒకటైతే గానీ గుర్తు తిరిగి రాలేదు. ఇవాళ మైకులో నువ్వన్న మాట రేపు కలవాల్సినప్పుడు అడ్డం పడుతుంది. అవతలివాళ్లు దాన్ని ఫోన్లో దాచుకునే ఉంటారు.

పాత అధ్యక్షుడి ఇంటికి నువ్వొక్కడివే వెళ్లు. వెనక బైకులు వద్దు. ఆయన చేర్చిన సభ్యుల్లో నువ్వూ ఒకడివి, రసీదు మీద ఆయన సంతకమే ఉంది కదా. ఆయన కోపం కుర్చీ పోతుందని కాదని నా అనుమానం. తనని అడక్కుండా మీటింగు పెట్టారని. గౌరవాధ్యక్షుడి పదవి నియమావళిలో ఉందేమో చూసి వెళ్లు, లేని పదవి ఇస్తానని మాత్రం అనకు. ఒప్పుకోకపోయినా సరే, పైకమిటీ నుంచి పరిశీలకుణ్ణి పిలిపిద్దామని ఇద్దరూ కలిసి ఒక ఉత్తరం రాయండి. ఆ మాత్రానికి ఆయన కాదనడు.

పరిశీలకుడు వచ్చిన రోజు తీర్మానం రాయడం అయ్యాక, చివరి లైను కింద నుంచి సంతకాల దాకా పెన్నుతో అడ్డగీత కొట్టు. తర్వాత పేజీని ఫోన్లో ఫొటో తీసి, అందరి ముందూ, పాత అధ్యక్షుడికి కూడా పంపించు. నాకూ ఒకటి పంపు.

ఆశీస్సులతో,
మీ బాబాయ్