పాముపిల్ల తినట్లేదా? ముందు థర్మామీటర్ చూడండి

ప్రశ్న: కార్న్ స్నేక్ పిల్లని తెచ్చుకుని వారం దాటింది. పాముని పెంచడం నాకిదే మొదటిసారి. వచ్చిన మర్నాడే పింకీ (అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల, ఫ్రోజెన్‌ది) పెట్టాను, ముట్టలేదు. రోజు విడిచి రోజు పెడుతూనే ఉన్నాను, అదే తంతు. ఎప్పుడు చూసినా చెక్క తురుము అడుగున దూరి ఉంటుంది. బయటికి తీస్తే తోక గబగబా ఆడిస్తుంది, ఓసారి కరిచింది కూడా. పెద్ద గాజు ట్యాంక్, హీట్ మ్యాట్, నీళ్ల గిన్నె అన్నీ ఉన్నాయి. జబ్బు చేసిందా, లేక నేనంటే పడట్లేదా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అది బాగా బెదిరిపోయి ఉంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు ఈ పిల్లలు అడుగు పొడవుకి అటూ ఇటూగా ఉంటాయి, బయట వాటిని తినడానికి పక్షుల దగ్గర్నుంచి పెద్ద పాముల దాకా అన్నీ తయారే, కాబట్టి దాక్కోవడం వాటికి పుట్టుకతో వచ్చిన తెలివి. తోక ఆడించడం ‘దగ్గరికి రాకు’ అని చెప్పడమే. విషం లేని పాము, ఈ వయసులో కరిచినా గీసుకుపోయినంత ఉంటుంది, సబ్బుతో కడుక్కోండి చాలు. ఇష్టాయిష్టాల సంగతి వదిలేయండి, పాముకి మీమీద కోపమూ ఉండదు, ప్రేమా ఉండదు, మీరు ప్రమాదం కాదన్న నమ్మకం కుదిరితే అదే గొప్ప.

ఇక నాకు అనుమానం తగిలిన చోటు. హీట్ మ్యాట్ ఉందన్నారు, థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం) మాటే ఎత్తలేదు. థర్మోస్టాట్ లేని మ్యాట్‌ని ఇవాళే ప్లగ్గులోంచి పీకండి, అది వచ్చాకే మళ్లీ పెట్టండి, ఎందుకంటే కొన్ని మ్యాట్‌లు 40 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి, మీ పిల్లేమో తురుము తవ్వుకుంటూ సరిగ్గా ఆ గాజు మీదికే దిగుతుంది. గాజుకి అతికించే స్టిక్కర్ థర్మామీటర్‌ని నమ్మకండి. వైరు చివర సెన్సర్ ఉన్న డిజిటల్‌ది తీసుకుని, తురుము కిందకి, మ్యాట్ ఉన్న చోట గాజుకి ఆనేలా పెట్టి చూడండి. ఆ వైపు 28 నుంచి 30 డిగ్రీలు, అవతలి వైపు 22 నుంచి 24 ఉండాలి. మ్యాట్ ఒక పక్కన మూడో వంతు నేల కింద ఉంటే చాలు, మొత్తం పరిచేస్తే చల్లబడడానికి దానికి చోటుండదు. పాము ఒంటి వేడి బయటి నుంచి రావాల్సిందే, తిన్నది అరగాలన్నా ఆ వేడే కావాలి, చలిగా ఉన్న పాము తినదు, తిన్నా కక్కేస్తుంది. మొదటిసారి పెంచేవాళ్లు ‘జబ్బు’ అని రాసే ఉత్తరాల్లో చాలావాటికి మందు ఈ రెండు అంకెలే.

పెద్ద ట్యాంక్ తప్పేం కాదు, ఖాళీగా ఉండడం తప్పు. దాక్కునే గూళ్లు రెండు పెట్టండి, వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, లేదంటే వెచ్చదనం కావాలా దాక్కోవడం కావాలా అని అది తేల్చుకోవాల్సి వస్తుంది. గూడు ఇరుగ్గా ఉండాలి, చుట్టుకుని పడుకుంటే ఒళ్లు గోడలకి తగలాలి. బోర్లించిన చిన్న డబ్బాకి ద్వారం కోసినా సరిపోతుంది. మధ్యలో నలిపిన కాగితాలో ప్లాస్టిక్ ఆకులో నింపేయండి. మూతకి క్లిప్పులున్నాయా? తల పట్టే సందులోంచి ఒళ్లంతా జారిపోతుంది, తప్పించుకోవడంలో వీటిది అందె వేసిన చెయ్యి.

ఇవన్నీ సర్దాక ఒక వారం పింకీ వద్దు, పట్టుకోవడం వద్దు, నీళ్లు మార్చి వచ్చేయండి. తర్వాత పింకీని ముందు ఫ్రిజ్‌లో కరగనిచ్చి, కవర్లో పెట్టి వేడి నీళ్లలో ముంచండి, ముట్టుకుంటే గోరువెచ్చగా తగలాలి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, పగిలిపోతుంది, ఆ కంపు మీరు భరించలేరు. పింకీ లావు పాము నడుము లావుకి అటూ ఇటూగా ఉంటే చాలు. చీకటి పడ్డాక గూటి ముందు పెట్టి లైట్లు తీసేసి వెళ్లిపోండి, నిలబడి చూస్తుంటే చాలా పిల్లలు తినవు. పొద్దున్నకి అలాగే ఉంటే పారేసి, మళ్లీ ఐదారు రోజుల దాకా ఆ ఊసెత్తకండి. మీరు చేసినట్టు రోజు విడిచి రోజు పెడితే బెదురు పెరుగుతుందే తప్ప ఆకలి పెరగదు. అప్పటికీ తినకపోతే, గాలి రంధ్రాలున్న చిన్న డబ్బాలో పాముని, పింకీని కలిపి పెట్టి, ఆ డబ్బాని రాత్రంతా ట్యాంక్‌లోనే ఉంచండి, మొండి పిల్లలు కూడా దీనికి చాలాసార్లు లొంగుతాయి.

వారానికోసారి గ్రాముల త్రాసు మీద తూచి రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల కొన్ని వారాలు తినకపోయినా తట్టుకుంటుంది. బరువు వరసగా తగ్గుతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నా ఆగకుండా పాముల్ని చూసే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

తిన్నాక 48 గంటలు ముట్టుకోకండి. వరసగా మూడు సార్లు తిన్నాక పట్టుకోవడం మొదలుపెట్టొచ్చు, ఐదు నిమిషాలు చాలు. చెయ్యి పైనుంచి దించకండి, గద్ద వాలినట్టే ఉంటుంది దానికి, పక్కనుంచి పోనిచ్చి నడుము కింద చెయ్యి పెట్టి లేపండి. పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సాల్మొనెల్లా (కడుపు పాడుచేసే బ్యాక్టీరియా) ఉండొచ్చు, ఐదేళ్లలోపు పిల్లల చేతికి అసలు ఇవ్వొద్దు.

ప్రశ్న: మా కార్న్ స్నేక్‌కి నాలుగు నెలలు. రెండు రోజులుగా కళ్లు నీలంగా మసకబారాయి, రంగు వెలిసిపోయింది, తిండి మానేసింది. చూపు పోతోందా?

జవాబు: కుబుసం విడవబోతోంది. నాలుగైదు రోజుల్లో కళ్లు మళ్లీ తేటపడతాయి, అది తగ్గిపోయిందని కాదు, ఆ తర్వాత కొద్ది రోజులకి కుబుసం వదులుతుంది. అప్పటిదాకా పట్టుకోకండి, తిండి పెట్టకపోయినా నష్టం లేదు. తడిపి పిండిన నాచు వేసిన డబ్బా ఒకటి లోపల పెట్టండి. కుబుసం ఊడాక దాన్ని పారేయకుండా వెలుతురులో పట్టి చూడండి, తల దగ్గర కళ్ల మీది రెండు గుండ్రటి పొరలూ, తోక కొసా వచ్చాయో లేదో. తోక కొసన మిగిలితే గోరువెచ్చని నీళ్లతో తడిపిన గుడ్డలోంచి నెమ్మదిగా పాకనివ్వండి. కంటి పొర మిగిలితే మాత్రం గోటితో గిల్లకండి, తేమ పెంచి వచ్చే కుబుసం దాకా చూడండి, అప్పటికీ పోకపోతే డాక్టరే తియ్యాలి.