డకోటా నడిపినవాళ్లు

ప్రశ్న: మా ఇంట్లో మొరాయించే పాత స్కూటరును నాన్నగారు ‘డకోటా బండి’ అంటారు. అది యుద్ధంలో సరుకులు మోసిన విమానం పేరని ఈమధ్యనే తెలిసింది. ఫిరంగులూ బియ్యం బస్తాలూ మోసే విమానం నడపడంలో సాహసం ఏముంటుందో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాతబడిన తర్వాత కూడా ఆ విమానాలను దశాబ్దాల పాటు వదలకుండా నడిపారు కాబట్టే ఆ పేరు మన వాడుకలో ఎగతాళిగా మిగిలిపోయి ఉంటుంది. ఒకప్పుడు బేగంపేట నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవీ డకోటాలే. ఇక సాహసం మాటకు వస్తే, యుద్ధ విమానం నడిపేవాడికి ఎదురు కాల్చడానికి తుపాకులుంటాయి, తప్పుకుపోవడానికి వేగముంటుంది. రవాణా విమానానికి ఆ రెండూ లేకపోగా, చేరవలసిన చోట నేల మీద దిగితే తప్ప చాలాసార్లు వెళ్లిన పని పూర్తి కాదు. ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ జీవితం చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

ఆయన 1915లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న లయల్‌పూర్‌లో పుట్టారు. ఇంగ్లండులోని క్రాన్‌వెల్ కళాశాలలో శిక్షణ పొంది 1936లో వైమానిక దళంలో చేరారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దున 6వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించి, 1944లో డీఎస్ఓ (డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్) అనే బ్రిటిష్ సైనిక పతకం అందుకున్నారు. భారత వైమానిక దళంలో ఆ యుద్ధానికి గాను ఆ పతకం దక్కింది ఆయన ఒక్కరికే.

1947 అక్టోబరు 27న డకోటాలు సిక్కు రెజిమెంటు సైనికులను శ్రీనగర్‌లో దించడంతో కశ్మీర్ యుద్ధంలో మన సైన్యం అడుగుపెట్టింది. అక్కడి వైమానిక చర్యల బాధ్యత తర్వాత మెహర్ సింగ్‌దే. శత్రువులు చుట్టుముట్టిన పూంఛ్ పట్టణంలో సైన్యంతో పాటు వేలాది శరణార్థులు చిక్కుకుపోయారు. సైనికులూ శరణార్థులూ కలిసి చదును చేసిన చిన్న మట్టి మైదానం తప్ప విమానం దిగడానికి మరో చోటు లేదు. మూడు వైపులా వాగులు, చుట్టూ కొండలు, ఆ కొండల మీద శత్రువుల తుపాకులు. అక్కడ మొదటి డకోటాను ఆయనే స్వయంగా దించారు. ఆ తర్వాత వరుసగా వచ్చిన విమానాలు ఆహారం, మందుగుండు, చివరకు ఫిరంగులు కూడా దించి, తిరుగు ప్రయాణంలో గాయపడినవారినీ శరణార్థులనూ తీసుకుపోయాయి. రాత్రిపూట నూనె దీపాలు వరుసగా పెట్టి, ఆ వెలుగులోనే విమానాలు దించిన సందర్భాలున్నాయి.

లద్దాఖ్‌లోని లేహ్ సంగతి ఇంకా కష్టం. కార్గిల్ చేజారి దారి తెగిపోయాక, అక్కడున్న కొద్దిమంది సైనికులకు సాయం గాలిలోనే రావాలి. ఇంజనీరు సోనం నోర్బూ సింధు నది దాపున, సుమారు 11,500 అడుగుల ఎత్తులో ఇసుక నేల మీద ఒక రన్‌వే సిద్ధం చేయించారు. 1948 మే 24న మెహర్ సింగ్, సైన్యాధికారి జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకుని, మ్యాపుల్లో సరిగా గుర్తించని కొండల మీదుగా జోజిలా కనుమ దాటి అక్కడ దిగారు. ఆ ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో 70 శాతమే కాబట్టి ఇంజన్లకు బలం తగ్గుతుంది, విమానం మామూలు కన్నా ఎక్కువ వేగంతో నేలను తాకి ఎక్కువ దూరం పరుగెడుతుంది. డకోటాకు 1,200 అశ్వశక్తి ఇంజన్లు రెండు. బరువుతో ఉండగా ఆ శిఖరాల నడుమ ఒకటి ఆగిపోతే రెండవది ఆ ఎత్తులో నిలబెట్టలేదు. పైగా లోపల గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటు లేదు, రెక్కల మీద పేరుకునే మంచును వదిలించే పరికరమూ లేదు. దిగిన విమానాన్ని ఏదో వింత జంతువనుకుని లద్దాఖీలు గడ్డి తెచ్చి పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

నాకు ఇందులో ముఖ్యంగా తోచేది, పెద్ద హోదాలో ఉండి కూర్చున్న చోటు నుంచే ఆదేశాలు పంపగలిగిన మనిషి, తన పైలట్లను పంపబోయే చోటికి ముందు తానే వెళ్లి దిగి చూడడం. కుర్రాళ్లు ఆయనను ‘బాబా’ అని పిలిచేవారు.

ప్రశ్న: ఆ తర్వాత ఆయన ఏమయ్యారు? డకోటాలు ఇప్పుడున్నాయా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మెహర్ సింగ్ 1948లోనే వైమానిక దళం వదిలి పటియాలా మహారాజుకు వైమానిక సలహాదారుగా చేరారు. 1950లో ఆయనకు మహావీర చక్ర అనే యుద్ధ సాహస పురస్కారం ఇచ్చారు. 1952 మార్చిలో జమ్మూ నుంచి ఢిల్లీకి విమానం నడుపుతూ తుఫానులో చిక్కుకుని మరణించారు. అప్పటికి వయసు 37 దాటలేదు. డకోటా విషయానికి వస్తే, బ్రిటన్‌లో బాగుచేయించిన ఒకటి 2018లో అక్కడి నుంచి ఎగురుకుంటూ మన దేశం చేరి వైమానిక దళంలో కలిసింది. 1947లో శ్రీనగర్‌లో సైనికులను దించిన డకోటా సంఖ్య వీపీ 905నే దాని మీద వేసి, ‘పరశురామ’ అని పేరు పెట్టారు.